మనవరాలి ఎడమ చెవి

పాపను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున, గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన గుడ్డతో ఒళ్ళు తుడుస్తున్న నాయనమ్మ చేయి ఒక్కసారి ఆగింది. ఎడమ చెవి పైకొస చెంపకు అతుక్కునే చోట, సూదిమొనతో గుచ్చినట్టు ఒక చిన్న గుంట కనిపించింది. ఏ నలుసో అంటుకుందనుకుని తడి దూదితో మెల్లగా అద్దింది. పోలేదు.

"అమ్మాయ్, ఒకసారి ఇలా వచ్చి చూడు," అని కోడలిని పిలిచింది.

కోడలిది కోర్టులో వాంగ్మూలాలు టైపు చేసే ఉద్యోగం. ఎదురుగా ఎవరెంత గొంతు చించుకున్నా ముఖం మీద గీత కదలకుండా వేళ్ళు మాత్రం ఆడించడం ఆమెకు బాగా అలవాటు. ఆ రోజు ఆ నిబ్బరం అక్కరకు రాలేదు. లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్న మొగుడికి ఫోను చేసి, ఏదో ఎత్తైన భవనం మీద నుంచి దింపించి, పాపను ఎత్తుకుని పిల్లల డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

డాక్టరమ్మ చిన్న టార్చి వేసి చూసి నవ్వింది.

"ఏమీ కాదమ్మా. పుట్టుకతో వచ్చే గుంట. చాలామందికి ఉంటుంది, ఉన్నట్టు వాళ్ళకే తెలీదు. నలపకండి, నొక్కకండి. ఎప్పుడైనా ఎర్రగా వాస్తే తీసుకురండి. ఇది తరచుగా కుటుంబంలోనే వస్తుంటుంది. మీ ఇద్దరిలో ఎవరికైనా ఉందా?"

మొగుడూ పెళ్ళాలు ఒకరి చెవులు ఒకరు చూసుకున్నారు. లేదు.

"అయితే పైతరంలో ఎవరికో ఉండి ఉంటుంది," అని డాక్టరమ్మ తర్వాతి బిడ్డను పిలిచింది.

విషయం అంతటితో ముగిసిపోవాలి. కానీ ఆ సమయానికి ఆ ఇంట్లో ఇద్దరు తాతయ్యలున్నారు.

పాప తండ్రి వైపు తాతయ్య హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. మనిషీ కోతీ ఒకే మూలపురుషుడి సంతానమని, ఆ పొద్దున తనే కనిపెట్టినంత ఆవేశంగా ఏటేటా చెప్పేవారు గనుక, పిల్లలు ఆయనకు కోతి మాస్టారని పేరు పెట్టారు. ఆ పేరు పిల్లల నుంచి పెద్దలకు పాకింది. మాస్టారు నొచ్చుకోలేదు. "కోతి మాస్టారు అంటే తప్పు, కోతి దాయాది మాస్టారు అనాలి. మనం కోతికి పుట్టలేదు. మనమూ అవీ వాటాలు పంచుకుని విడిపోయాం. చెట్లు వాళ్ళ వాటాకెళ్ళాయి, కుర్చీలు మన వాటాకొచ్చాయి," అని సరిదిద్దేవారు.

తల్లి వైపు తాతయ్య ఇళ్ళకు ప్లాన్లు గీసే ఆయన. అందరికీ ఆయన ప్లాను గారే. గోడ వెంట్రుకవాసి వాలినా వీధి అవతలి నుంచే పసిగడతారని పేరు. ప్లాను లేకుండా స్నానాల గదే సరిగ్గా రాదు కదా, అలాంటిది కన్నూ గుండే నెమలీ వాటంతట అవే తయారయ్యాయంటే ఆయనకు ఒళ్ళు మండేది. ఎవరో కూర్చుని తీరిగ్గా గీశారు, అందులో అనుమానమే లేదు. ఆ గీసినవారిని ఆయన దాదాపు తన వృత్తివారి కిందే లెక్కవేసుకునేవారు.

పెళ్ళి మాటలకు కూర్చున్న రోజే, పిల్లలిద్దరూ అప్పటికే ఇష్టపడి ఉన్నారు గనుక మాట్లాడ్డానికి ఇంకేమీ లేక, ఈ ఇద్దరూ నెమలి ఈక గురించి మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఆపలేదు. అయితే ఎంత వేడెక్కినా మర్యాద తప్పేవారు కాదు. "బావగారూ" అనకుండా ఒకరి మీద ఒకరు ఒక్క దెబ్బ కూడా వేసుకోలేదు.

తమాషా ఏమిటంటే, ప్రపంచమంతా ఏ ప్లానూ లేకుండా తయారైందని నమ్మే మాస్టారు, సొంత విషయంలో ప్లాను లేకుండా గుక్కెడు మంచినీళ్ళు కూడా తాగరు. రైలెక్కాలంటే ముందురోజే స్టేషనుకెళ్ళి ప్లాట్‌ఫారం చూసి వస్తారు. మేజోళ్ళలో కుడీ ఎడమా ఉంటాయని ఆయన నమ్మకం. ఇక ప్రతిదానికీ ప్లాను ఉండి తీరాలనే ప్లాను గారి కళ్ళద్దాలు నెత్తి మీద ఉంటాయి, ఆయన మంచం కింద ఉంటారు, వాటికోసం వెతుకుతూ.

డాక్టరు దగ్గర నుంచి తిరిగొచ్చిన సాయంత్రం మాస్టారు పెట్టెలోంచి భూతద్దం తీశారు. మనవరాలిని చూడ్డానికి వచ్చే మనిషి భూతద్దం ఎందుకు సర్దుకున్నారని ఎవరూ అడగలేదు. నిద్రపోతున్న పాప మీదికి వంగి చాలాసేపు చూశారు. తల ఎత్తేసరికి ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

"బావగారూ, ఇలా రండి. కోట్ల ఏళ్ళ చరిత్ర మనింటికి నడిచి వచ్చింది."

"ఎక్కడండీ?"

"చెవి దగ్గర. కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు మెడ దగ్గర మడతలు పడతాయి. చేపల్లో అవే మొప్పలవుతాయి. మనలో వాటినుంచే దవడ, చెవి వస్తాయి. కలవాల్సిన చోట సరిగ్గా కలవకపోతే, ఇదిగో, ఇలా చిన్న గుంట మిగిలిపోతుంది. ఇది మన చేప తాతలు వదిలిన గుర్తు!"

ప్లాను గారి ముఖం ఎర్రబడింది. "అంటే నా మనవరాలు చేపంటారా?"

"చేప అనలేదండీ. చేపలకు బంధువన్నాను."

"బంధుత్వం కలుపుకోడానికి మీకు కోతులు చాల్లేదా?" ప్లాను గారు భూతద్దం లాక్కుని తనూ వంగి చూశారు. చూస్తూ చూస్తూ ఆయన గొంతు మెత్తబడింది. "లోపమూ కాదు, మిగులూ కాదు బావగారూ. ఎంత నాజూగ్గా ఉందో చూడండి. నేను ప్రతి ప్లాను మూలనా చిన్న చుక్క పెడతాను. నా గుర్తు అది. ఇదీ అంతే. చేసినవాడు పెట్టిన సంతకం."

"సంతకమైతే ఒక్క చెవికే ఎందుకుంది?"

"సంతకం ఒకచోటే పెడతారు. ప్రోగ్రెస్ కార్డు మీద మీరేమన్నా రెండేసి పెట్టేవారా?"

భోజనాల బల్ల దగ్గరికి వచ్చేసరికి మాస్టారు ఇంకో వాదం సిద్ధం చేసుకున్నారు.

"సరే, డిజైనే అనుకుందాం. తిండి వెళ్ళే గొట్టానికీ గాలి వెళ్ళే గొట్టానికీ కలిపి ఒకే గుమ్మం పెట్టారు. అలాంటి ప్లాను మీరు పట్టుకెళ్తే మునిసిపాలిటీ వాళ్ళు ఒప్పుకుంటారా? ముద్ద అటూ ఇటూ అయితే ప్రాణం మీదికొస్తుందే!"

"మీరు పుట్టినప్పట్నుంచి తింటూనే మాట్లాడుతున్నారు. ఇప్పటికీ నిక్షేపంలా ఉన్నారు. అంతకంటే గట్టి డిజైను ఇంకేం కావాలండీ?"

పక్కనే సూపు తాగుతున్న మాస్టారి కొడుక్కి సరిగ్గా అప్పుడే పొలమారింది. దగ్గి దగ్గి కళ్ళ నీళ్ళు పెట్టుకుని ఎలాగో తేరుకున్నాడు.

"చూశారా!" అన్నారు మాస్టారు, కొడుకు వైపు వేలు చూపిస్తూ.

"చూశారా!" అన్నారు ప్లాను గారు, అదే అల్లుడి వైపు, అదే సమయంలో.

కోడలు చెంచా కింద పెట్టింది. "ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే రికార్డులోకి ఎక్కదు," అంది కోర్టు గొంతుతో. "ఇప్పుడే చెప్తున్నా. పాప పడుకునే గదిలో వాదనలు లేవు. భోజనాల దగ్గర లేవు. పాప చెవి ముట్టుకోవడం అసలే లేదు. ఆ భూతద్దం ఇలా ఇవ్వండి మావయ్యగారూ."

మాస్టారు బడిలో పిల్లాడిలా భూతద్దం అప్పగించారు.

దాంతో వాదన వసారాలోకి మారింది. ఆ ఫ్లాటు మూడో అంతస్తులో ఉంది. వసారాలో రెండు కుర్చీలు పడితే మూడో మనిషికి నిలబడడానికి కూడా చోటుండదు. అక్కడ ఇద్దరూ మోకాళ్ళు తగిలేలా కూర్చుని, గాజు తలుపు మూసుకుని, చేతులు తిప్పుకుంటూ వాదించుకునేవారు. లోపలి నుంచి చూస్తే ఇద్దరు మనుషులు ఒకే ఈగను తోలుతున్నట్టుండేది.

ఒకరోజు మాట ప్లాను గారి సొంతింటి మీదికి మళ్ళింది. ఊరందరికీ చక్కటి ఇళ్ళు గీసిన ఆయన ఇంట్లో, వంటగదిలోంచి వెళ్తేనే మేడమెట్లు వస్తాయి. స్నానాల గది దీపం స్విచ్చి పడగ్గదిలో ఉంటుంది. ఒక కిటికీ తెరిస్తే ఇంకో గది కనిపిస్తుంది. మాస్టారు ఇవన్నీ ఎప్పుడో గమనించి, అదను కోసం దాచి పెట్టుకున్నారు.

"ఆ కిటికీ సంగతేంటి బావగారూ? అలాగే గీశారా?"

"అబ్బే, మొదట్లో అది బయటి గోడ. అమ్మాయి పుట్టాక అటు ఒక గది వేశాం. తర్వాత మెట్లకు చోటు చాల్లేదు, వంటగదిలోంచి తీశాం. ఇల్లు అలా అలా పెరిగిందిలెండి."

మాస్టారు ఊపిరి బిగబట్టారు. "ఏమన్నారు?"

"అలా అలా పెరిగిం..." ప్లాను గారు నాలుక కరుచుకున్నారు. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

"పెరిగిందా! అవసరం వచ్చినప్పుడు ఉన్నదానికే అతుకు వేసుకుంటూ! పాత కిటికీ పీకలేక అలాగే మోస్తూ! బావగారూ, నేను ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పినా ఇంత బాగా చెప్పలేకపోయాను!" మాస్టారు ఆనందం పట్టలేక ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు.

ప్లాను గారు ఆ పూటంతా మొహం మాడ్చుకుని కూర్చున్నారు. సాయంత్రానికి మాత్రం ఒక కొత్త ఆయుధంతో వచ్చారు.

"డాక్టరమ్మ ఏమంది? కుటుంబంలో వస్తుంది అంది. మీ మాటే నిజమైతే, ఆ చుక్క మీవైపు నుంచో మావైపు నుంచో దిగి రావాలి కదా? మావైపు ఎవరికీ లేదు. మనిషిని చూస్తే కొలతలు చెప్పేవాణ్ణి, నాకు తెలీకుండా ఉంటుందా? మీవైపు చూపించండి. చూపించలేకపోతే ఇది పాప కోసం కొత్తగా పెట్టిన సంతకమని ఒప్పుకోండి."

"ఒప్పుకున్నాను," అన్నారు మాస్టారు. "ఒకవేళ ఎవరికైనా కనిపిస్తే?"

"దిగి వచ్చిందని నేను ఒప్పుకుంటాను."

అక్కడితో మాస్టారి చెవుల వేట మొదలైంది. ముందు తన చెవులు అద్దంలో చూసుకున్నారు. భార్య చెవులు చూశారు. మర్నాడు పాపను చూడ్డానికి వచ్చిన సొంత తమ్ముణ్ణి, కాళ్ళు కడుక్కోక ముందే కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి రెండు చెవులూ వంచి చూశారు. తమ్ముడు, ఏదో చిన్ననాటి తప్పు ఇప్పుడు బయటపడిందనుకుని బిత్తరపోయాడు. తర్వాత ఫోన్లో వీడియో కాల్స్ మొదలయ్యాయి. మేనత్త కొడుకులు, పిన్ని కూతుళ్ళు, అందరూ వరసగా ఫోను చెంపకు ఆనించి చెవులు చూపించారు. ఒక్క పెద్ద బాబాయితోనే తిప్పలు వచ్చాయి. ఆయనకు చెవుడు. "చెవి చూపించు బాబాయ్!" అని మాస్టారు అరిస్తే, "ఆఁ?" అని ఆయన ఫోను చెవికి మరింత గట్టిగా నొక్కుకునేవారు. తెర మీద అంతా నల్లగా అయిపోయేది. "దూరంగా పెట్టు!" అంటే, "దూరమేం కాదురా, బస్సెక్కితే గంటే. ఎప్పుడు రమ్మంటావు?" అన్నారు ఆయన.

ఎవరికీ లేదు.

నిజానికి మాస్టారు చూడని చెవులు ఇక ఆ ఇంట్లోనే ఒక జత మిగిలాయి. అవి అమ్మమ్మవి, అంటే ప్లాను గారి భార్యవి. ఆవిడ ఎప్పుడూ జుట్టు చెవుల మీదుగా కిందకి దువ్వి, వెనక ముడి వేసుకునేది. మాస్టారికి ఆ సంగతి తట్టకపోలేదు. కానీ వియ్యపురాలిని, చెల్లెమ్మా అని పిలిచే మనిషిని, "కాస్త జుట్టు పైకెత్తండి, చెవి చూడాలి" అని ఎలా అడుగుతారు? రెండుసార్లు గొంతు సవరించుకుని దగ్గరికి వెళ్ళారు. మొదటిసారి మంచినీళ్ళు అడిగి తాగి వచ్చేశారు. రెండోసారి కూడా మంచినీళ్ళే తాగారు.

ఈలోగా నాయనమ్మకు సంగతి తెలిసిపోయింది. ఒక పొద్దున అమ్మమ్మ తలస్నానం చేసి, తడి జుట్టు తువ్వాలుతో పైకి చుట్టుకుని వంటగదిలోకి వచ్చింది. పాల గిన్నె కోసం వంగినప్పుడు నాయనమ్మ చూసింది. ఎడమ చెవి పైకొసన, సరిగ్గా పాపకున్న చోటే, చిన్న చుక్క.

"వదినగారూ!" అని నాయనమ్మ ముక్కున వేలేసుకుంది.

అమ్మమ్మ గబుక్కున వంటగది తలుపు దగ్గరగా వేసింది. "గట్టిగా అనకండి వదినగారూ. చిన్నప్పుడు బళ్ళో అందరూ చిల్లుచెవి, చిల్లుచెవి అని ఏడిపించేవాళ్ళు. అప్పట్నుంచి జుట్టు ఇలా దువ్వుకోవడం అలవాటైపోయింది."

"మరి అన్నయ్యగారికి తెలీదా?"

"పెళ్ళయిన కొత్తలో భయపడి దాచాను. భయం పోయాక, ఎప్పటికి చూస్తారో చూద్దాం అని ఊరుకున్నాను. ఆ తర్వాత నేనే మర్చిపోయాను."

"అమ్మాయికి కూడా తెలీదా?"

"పిల్లలు తల్లి చెవులు చూస్తారా? ఎక్కడ తమ చెవి మెలిపెడుతుందోనని తల్లి చేతులు చూస్తారు గానీ." అమ్మమ్మ పాలు పొయ్యి మీద పెట్టింది. "డాక్టరు దగ్గర నుంచి వచ్చినప్పట్నుంచి చెప్దామనుకుంటూనే ఉన్నాను. నేను నోరు తెరిచేలోపు ఈయన మావైపు ఎవరికీ లేదని తేల్చేశారు. అంత ధీమాగా చెప్పాక ఇంకేం చెప్తాం?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వు ముందు నాయనమ్మకు వచ్చింది. ఆ రోజు పాలు పొంగిపోయాయి, ఎవరూ చూసుకోలేదు.

ఇల్లు చాలక తాతయ్యలిద్దరూ పొద్దుటిపూట వీధి చివర గ్రంథాలయానికి వెళ్ళడం మొదలుపెట్టారు. పేపర్లు చదవడానికని పేరు. గ్రంథాలయం నడిపే ఆవిడ ఉద్యోగమంతా "ష్" అనడంలోనే గడిపిన మనిషి. వీళ్ళిద్దరికీ "ష్" అని అని ఆవిడ పెదాలు నొప్పెట్టాయి. చివరికి ఒక ఉపాయం ఆలోచించింది.

"మీరు ఎలాగూ మాట్లాడతారు. ఆదివారం సాయంత్రం పెద్దవాళ్ళ సభ ఉంది, మైకు ఇస్తాను, కడుపునిండా మాట్లాడుకోండి. మిగతా రోజులు నన్ను బతకనివ్వండి."

తలుపు మీద కాగితం అంటించారు: 'మనిషిని ఎవరైనా చేశారా, తనే తయారయ్యాడా? ఇద్దరు పెద్దల చర్చ.' అది చూసి ఎవరూ రారని ఆవిడకు అనుమానం వచ్చి, కింద 'టీ ఉంటుంది' అని కూడా రాసింది. టీ ధర్మమా అని కుర్చీలు సగం నిండాయి. నాయనమ్మ, అమ్మమ్మ రెండో వరసలో పక్కపక్కన కూర్చున్నారు. పాప కోసం కోడలూ కొడుకూ ఇంట్లోనే ఉండిపోయారు.

ముందు మాస్టారు మాట్లాడారు. చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టుకుని, రాసుకున్న వరసలోనే, గీత దాటకుండా, ఈ ప్రపంచంలో ఏదీ ముందుగా రాసుకున్న వరసలో జరగలేదని నిరూపించారు. ఉదాహరణకు మోకాలు తీసుకున్నారు. నాలుగు కాళ్ళ జంతువుల కోసం వచ్చిన కీలు మీద రెండు కాళ్ళ మనిషి నిలబడ్డాడని, అందుకే నడివయసుకు వచ్చేసరికి అది మొరాయిస్తుందని చెప్పారు. మొదటి వరసలో కూర్చున్న రిటైరైన పోస్ట్‌మ్యాన్ వెంటనే చెయ్యెత్తాడు.

"చాలా బాగా చెప్పారండీ. మరి దీనికి ఏ మందు రాయాలి?"

మాస్టారు తాను డాక్టరును కానని చెప్పేలోపే, వెనక వరసలోంచి ఎవరో వేడి ఇసుక మూట అన్నారు, ఇంకెవరో ఐసు అన్నారు. మానవజాతి పుట్టుక కాసేపు పక్కకు తప్పుకుని మోకాలి నొప్పులకు దారిచ్చింది. గ్రంథాలయం ఆవిడ అలవాటుగా "ష్" అంది.

తర్వాత ప్లాను గారు లేచారు. ఆయన రాసుకున్న కాగితం ఇంట్లో మర్చిపోయారు. దానికి బదులు చంకలో ఒక పెద్ద చుట్ట ఉంది. విప్పి గోడకు పట్టుకున్నారు. ప్లాన్లు ముద్రించే దుకాణంలో కిటికీ అంత పెద్దది చేయించిన పాప చెవి ఫోటో అది. సభలో అందరూ ముందుకు వంగారు.

"ఇక్కడ చూడండి. ఈ చుక్క. మా బావగారు దీన్ని చేపల పాత సామాను అంటారు. కొందరు లోపం అంటారు. లోపం అనేవాళ్ళకు కళ్ళు లేవని అంటాను నేను. ఇన్నేళ్ళు ప్లాన్ల మీద చుక్కలు పెట్టాను, ఇంత అందమైన చుక్క ఒక్కటీ పెట్టలేకపోయాను. ఇది పెద్ద పనివాడి సంతకమండీ. ఎవరికి పడితే వారికి పెట్టడు. ఇష్టంగా చేసినదానికే పెడతాడు."

అప్పటిదాకా నాయనమ్మ భుజం మీద వాలి నవ్వు ఆపుకుంటున్న అమ్మమ్మ, నవ్వడం మానేసి నిటారుగా కూర్చుంది.

"మా బావగారు వాళ్ళ వైపు అందరి చెవులూ చూశారు. లేదు. మావైపు లేనే లేదు. మరి ఎక్కణ్ణుంచి వచ్చింది? చెప్పమనండి!"

మాస్టారు తల వంచుకుని గడియారం పట్టీ సరిచేసుకున్నారు. సభలో ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. అప్పుడు రెండో వరసలోంచి ఒక చెయ్యి లేచింది.

ప్లాను గారు భార్యను చూసి కంగారుపడ్డారు. "ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం," అని గొణిగారు. చేతిలో మైకుందని మర్చిపోయారు గనుక అది హాలంతా వినబడింది.

"ఇంట్లో ఇన్నేళ్ళూ ఉన్నాంగా," అంది అమ్మమ్మ. "ఒకసారి కిందికి దిగి రండి."

ఆయన దిగి వచ్చారు. ఆవిడ ఎడమవైపు జుట్టు రెండు వేళ్ళతో పైకెత్తి తల కాస్త తిప్పింది. ప్లాను గారు జేబులు తడుముకున్నారు. పోస్ట్‌మ్యాన్ లేచి ఆయన నెత్తి మీది కళ్ళద్దాలు ఆయన ముక్కు మీదికి దించాడు. ఆయన వంగి చూశారు. గోడ మీద వేలాడుతున్న ఫోటో చూశారు. మళ్ళీ వంగి చూశారు.

"ఇది... ఎప్పట్నుంచి?"

"మీరు పెళ్ళిచూపులకు వచ్చిన రోజు కూడా ఉంది."

హాలు ఒక్కసారిగా గొల్లుమంది. మాస్టారు ఎగిరి లేచి నిలబడ్డారు. "దిగి వచ్చింది! చెప్పానా, దిగి వచ్చిం..." అనబోతుండగా నాయనమ్మ వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగింది. "కూర్చోండి." మాస్టారు వియ్యంకుడి ముఖం చూశారు. అందులో ఓడిపోయిన కోపం లేదు. దారి తప్పిన మనిషి చూపు ఉంది. మాస్టారు కూర్చున్నారు. ఆ తర్వాత ఆయన గెలిచినట్టు ఎవరూ ప్రకటించలేదు. అందరూ టీ దగ్గరికి వెళ్ళిపోయారు.

టీ తాగి నలుగురూ ఇల్లు చేరారు. కొడుకూ కోడలూ తలుపు తీసి, ఏమైందని అడిగితే నాయనమ్మ చెప్పింది. కోడలు తల్లి దగ్గరికి వెళ్ళి జుట్టు తొలగించి చూసి, ఆ చుక్క మీద ముద్దు పెట్టుకుంది.

ఆ వారంలో ఒక మధ్యాహ్నం అమ్మమ్మ వసారాలో పాప బట్టలు మడతపెడుతుంటే ప్లాను గారు వచ్చి రెండో కుర్చీలో కూర్చున్నారు.

"ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా?"

"చెప్తే చూస్తారు. అది చూడ్డం ఎలా అవుతుంది?"

ఆయన బట్టల్లోంచి ఒక చిన్న మేజోడు తీసి చేతిలో తిప్పారు. "బళ్ళో నిజంగా అలా ఏడిపించేవాళ్ళా?"

"నిజంగానే. ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని." ఆవిడ చిన్న చొక్కా ఒకటి దులిపి మడతపెట్టింది. "అందమైన చుక్క అన్నారుగా అంతమందిలో. ఆ వయసులో ఎవరైనా అని ఉంటే బావుండేది. ఇప్పుడైనా పర్లేదులెండి."

ప్లాను గారు ఒక మడత తనూ పెట్టారు. అది వంకరగా వచ్చింది. ఆవిడ విప్పి మళ్ళీ పెట్టింది.

ఒప్పందం ప్రకారం, దిగి వచ్చిందని ఆయన మాస్టారి ముందు ఒప్పుకున్నారు. మాస్టారు పెద్దమనసుతో తల ఊపారు. కానీ కాఫీ కప్పు పూర్తయ్యేలోపే ప్లాను గారు మళ్ళీ సర్దుకున్నారు.

"సంతకం మా ఆవిడ మీద పెట్టారు బావగారూ. పాప మీద ఉన్నది దాని నకలు."

"నకలు దిగిందంటే వారసత్వమేగా! నేను మొత్తుకున్నది అదేగా!"

"నకలు తీసే యంత్రాన్ని ఎవరు పెట్టారండీ?"

"ఆ యంత్రమూ అలా అలా పెరిగిందే, మీ ఇంటిలాగా!"

"మీరు ఊళ్ళో వాళ్ళ చెవులన్నీ వంచి చూసి, ఎదురుగా కూర్చుని మంచినీళ్ళిచ్చిన మనిషిని వదిలేశారు. ఇదేనా మీ శాస్త్రం?"

"మీరు ఒకే ఇంట్లో ఉండి వదిలేశారు! నాకైతే మర్యాద అడ్డొచ్చింది. మీకేం అడ్డొచ్చింది?"

గాజు తలుపు వెనక నుంచి కోడలు వేలితో టకటకా కొట్టింది. ఇద్దరూ గొంతు తగ్గించారు, చేతులు మాత్రం తగ్గలేదు.

ఇవన్నీ అయ్యాక ప్లాను గారిలో ఒక మార్పు వచ్చింది. కళ్ళద్దాలు నెత్తి మీద నుంచి ముక్కు మీదికి దిగాయి. ఆయన భార్యను చూడడం మొదలుపెట్టారు. ఆవిడ కూరగాయలు తరుగుతుంటే చూసేవారు. ఆవిడ కత్తెర ఎడమచేత్తో పట్టుకుంటుందని, మెట్లెక్కేటప్పుడు లోపల్లోపల ఏదో కూనిరాగం తీస్తుందని, నవ్వు వచ్చే ముందు ఒక కనుబొమ్మ కొంచెం లేస్తుందని ఒక్కొక్కటీ కనిపెట్టి, ఆ సంగతి ఆవిడకే వచ్చి చెప్పేవారు. మొదటి రోజు ఆవిడ సిగ్గుపడింది. రెండో రోజు నవ్వింది. ఆ తర్వాత విసుక్కుంది.

"పనీపాటా లేదా మీకు? పోయి ఏదన్నా గోడ చూసుకోండి."

"ఉండు. మోచేతి మీద ఈ మచ్చ ఏంటి? మొన్న పడ్డదా?"

"మొన్నా! మన అమ్మాయి నడక నేర్చిన ఏడాది, మీరు వంటగదిలోంచి తీశారే, ఆ మెట్ల మీద జారినప్పుడు పడింది. మీరే కట్టు కట్టారు."

"నేనా?"

"మీరే. వంకరగా కట్టారు. కాఫీ చల్లారిపోతోంది, తాగండి."

ప్లాను గారు కాఫీ అందుకున్నారు, చూపు మాత్రం తిప్పుకోలేదు.